కండెన్సర్లన్నీ మార్చేద్దామా, సార్?

ఈ ప్రశ్నకు అనాలోచితంగా తల ఊపిన పాపానికి నేను చెల్లించిన మూల్యం ఇంచుమించు పదకొండు నిమిషాలు. పదకొండు నిమిషాలే కదా అని మీరు అనవచ్చు. అవి ఎటువంటి నిమిషాలో ముందు చెప్పి, ఆ తరువాత నా తగవులోకి వస్తాను.

మా చిత్తూరు సీమలో ధర్మరాజుల గుడి ఉన్న పల్లెలన్నింటా ఎండాకాలంలో భారతం జరుగుతుంది. సాధారణంగా పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం నుంచి హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జున తపస్సు నాడు తపసు మాను ఎక్కడం, చివరినాడు నేలమీద మట్టితో పోసిన దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడం, ఆ సాయంత్రం అగ్నిగుండం. పాకాల దగ్గర మా ఊళ్ళో 1974లో జరిగిన భారతంలో హరికథ చెప్పిన దాసుగారు ఆ పై ఏడాదే కాలం చేశారు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. గ్రామఫోను కంపెనీ ఆయన గడప తొక్కలేదు, రేడియో స్టేషను ఆయన్ని పిలవలేదు. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్నది ఒక్కచోటే: బడిపంతులైన మా నాన్నగారు మద్రాసు బర్మా బజారులో అప్పు చేసి కొన్న స్పూలు టేపురికార్డరు మీద, చాపమీద కూర్చుని, మైకు చేత్తో పట్టుకుని పట్టిన రెండు స్పూళ్ళలో.

నాన్నగారు పోయాక ఆ యంత్రం అటకెక్కింది. పెంకుటింటి అటక. మా వైపు వేసవిలో నీడలోనే నలభై డిగ్రీలు దాటుతుంది, పెంకుల కింద సంగతి చెప్పనక్కరలేదు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరుకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. ఆ లెక్కన మా అటకమీద ఆ యంత్రం గడిపిన ముప్పై ఏళ్ళు మరెక్కడో అరవై ఏళ్ళకు సమానమై ఉండాలి. దించి, తుడిచి, కరెంటు పెడితే గుయ్యిమని హోరు, దాని అడుగున ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఒక గొంతు. తిరుపతిలో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాను. ఏ కొట్టో చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు, అది ఇప్పుడు మొబైలు కవర్లు అమ్ముతోంది. అక్కడి కుర్రవాడు మూత విప్పి, లోపలికి ఒక్క చూపు చూసి, శీర్షికలో ఉన్న ఆ ప్రశ్న అడిగాడు. నేను సరేనన్నాను.

అన్నీ మార్చాడు. ఇరవై మూడు. తీసినవాటిని ఒక కాగితపు పొట్లంలో కట్టి నా చేతికిచ్చాడు కూడా, నిజాయితీపరుడు. హోరు పోయింది. గొంతు వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో పండుగ. చిన్నాన్నలు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు అందరూ వచ్చి మొదటి భాగం విన్నారు, మళ్ళీ విన్నారు, ఆలస్యంగా వచ్చినవారి కోసం మళ్ళీ పెట్టాం. నాలుగో రోజుకు గొంతుకు దుప్పటి కప్పినట్టయింది. చిడతల చప్పుడు మొదట గలగల, తరువాత కటకట, చివరికి కేవలం ఒక దెబ్బ. టేపు పాతబడింది కదా అనుకున్నాను. టేపు పాతబడలేదు. నేనే దాన్ని రోజూ కాస్త కాస్తగా తుడిచేస్తున్నాను.

ఈ సంగతి నాకు చెప్పినవారు చిత్తూరులో ఒక పాత రేడియో మెకానిక్కు, సాయిబుగారు. డెబ్భై అయిదేళ్ళ వయసు, కళ్ళకు శుక్లాల ఆపరేషను అయింది, అంగడి మూసి చాలాకాలమైంది. యంత్రాన్ని బోర్లించి, భూతద్దం పెట్టి చూసి, "ఈ సెట్టుకు బాడీ ప్లస్సు సార్, మైనస్సు కాదు. ఆ పిల్లోనికి ఆ సంగతి ఎవురు చెప్పినారు?" అన్నారు.

అంతే. మొత్తం వ్యవహారం ఆ ఒక్క వాక్యంలో ఉంది. 1960లలో తయారైన జెర్మేనియం ట్రాన్సిస్టరు సెట్లలో ఎక్కువభాగం పీఎన్‌పీ రకం. వాటిలో చాసిస్‌కు కలిపేది ప్లస్సు. ఆ తరువాత వచ్చిన సిలికాను ఎన్‌పీఎన్ సెట్లలో చాసిస్‌కు కలిపేది మైనస్సు. ఈ కాలపు కుర్రవాడు తన జన్మలో చూసినవన్నీ రెండో రకమే. టేపు హెడ్డుకూ మొదటి ట్రాన్సిస్టరుకూ మధ్య ఒక చిన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఉంటుంది, చిటికెన వేలి గోరంత. హెడ్డులోంచి వచ్చే సన్నని సంకేతాన్ని వదిలిపెట్టి, ట్రాన్సిస్టరు వైపునుండే డీసీ వోల్టేజిని హెడ్డులోకి పోనివ్వకుండా ఆపడం దాని ఉద్యోగం. మా కుర్రవాడు అలవాటు చొప్పున దాన్ని తిరగేసి బిగించాడు. తిరగబడ్డ ఎలక్ట్రోలిటిక్ మెల్లగా కారుతుంది. కారిన డీసీ హెడ్డు చుట్టలో ప్రవహించి హెడ్డును అయస్కాంతంగా మార్చింది. అయస్కాంతమైన హెడ్డు తనముందు నడిచిన టేపునల్లా తుడుస్తుంది, ముందుగా సన్నని స్వరాలను. మేము ఎన్నిసార్లు మురిసిపోయి విన్నామో అన్నిసార్లు దాసుగారి చిడతలను చెరిపాము.

ఇక నా తగవు.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఈ మాట మర్యాదకు అనడం లేదు. తిరుపతి చుట్టుపక్కల ఇప్పుడు ఎలక్ట్రానిక్సు కర్మాగారాలకు కొదవలేదు. శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి, రేణిగుంట వైపు టీవీలు. ఆ ఫోను పలకమీద ఉండే కండెన్సరు నువ్వుగింజకంటే చిన్నది, దానిమీద పేరుండదు, విలువ ఉండదు, ప్లస్సు మైనస్సు ఉండవు. చెడిపోతే పలక మొత్తం మారుస్తారు. అటువంటి విద్యలో పెరిగినవాడికి ప్రతి భాగానికీ ఒక పేరూ ఊరూ స్వభావమూ ఉన్న పాత యంత్రాన్ని అప్పగించి, తల ఊపి, కాఫీకి వెళ్ళిన నేను దోషిని. ఐటీఐలలో రేడియో–టీవీ మెకానిక్కు అనే ట్రేడు ఉన్న రోజుల్లో కూర్చోబెట్టి చెప్పిన సంగతులు ఇవాళ చెప్పేవారు లేరు. నా కోపం ఆ కుర్రవాడి నోట ఆ ప్రశ్నను పెట్టిన సిద్ధాంతం మీద. దాన్ని నమ్మేవారిలో బాగా చదువుకున్నవారూ, ఖరీదైన సామగ్రి ఉన్నవారూ, నాకు స్నేహితులూ ఉన్నారు.

ఆ సిద్ధాంతం ఇది: కండెన్సరు అనేది వయసుతో చెడిపోయే వస్తువు, కాబట్టి పాత యంత్రం చేతికి రాగానే ముందు అన్నీ తీసిపారేసి కొత్తవి వెయ్యి, ఆ తరువాత ఆలోచించు. వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. నిజానికి ఇది ఆలోచనను వాయిదా వేయడమే. కండెన్సరు అన్నది ఒక వస్తువు పేరు కాదు, ఒక కులం పేరు. అందులో ముప్పై ఏళ్ళకు తప్పనిసరిగా చచ్చేవి ఉన్నాయి, మనకంటే ఎక్కువకాలం బతికేవి ఉన్నాయి. వీటిని గుర్తుపట్టడం రానివాడు మార్చడానికి అర్హుడు కాడు.

చచ్చేవాటిని ముందు చెప్పుకుందాం. వాల్వు రేడియోలలోని కాగితపు కండెన్సర్లు, అంటే మైనం పూసిన గొట్టాలు, తారు పూసినవి, గోధుమరంగు ముద్దలో పోతపోసినవి. కాగితం తేమ పీలుస్తుంది, ఆమ్లమవుతుంది, కారుతుంది. వీటిలో ప్రాణాంతకమైనది ఒకటుంది: మొదటి ఆడియో వాల్వు ప్లేటుకూ, ఔట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకూ నడుమ ఉండే 0.01 మైక్రోఫారడుది. ప్లేటు మీద 100 వోల్టులుంటాయనుకోండి, గ్రిడ్డు నుంచి చాసిస్‌కు 470 కిలో ఓముల రెసిస్టరు ఉందనుకోండి. ఈ కండెన్సరులో కేవలం 50 మెగోముల లీకు ఉన్నా గ్రిడ్డు మీద దాదాపు ఒక వోల్టు ప్లస్సు చేరుతుంది. లీకు 10 మెగోములైతే నాలుగున్నర వోల్టులు. ఆ వాల్వు ఇక ఊపిరి బిగబట్టి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, దాని వెనక ఉన్న ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. రెండు రూపాయల వస్తువు కోసం, ఇక దొరకని వస్తువు బలి.

ఇక్కడే మన మల్టీమీటరు మోసం చేస్తుంది. చాలా మీటర్లు 20 మెగోములకు మించి చూపలేవు, అదీ ఒకటి రెండు వోల్టులతో పరీక్షించి. 50 మెగోముల లీకును అది "ఏ దోషమూ లేదు" అని ధ్రువీకరిస్తుంది. కెపాసిటీ మీటరు పెడితే విలువ కూడా సరిగ్గానే చూపవచ్చు, కొన్నిసార్లు రాసినదానికంటే ఎక్కువ చూపి మురిపిస్తుంది. సాయిబుగారు నేర్పిన పరీక్ష వేరు. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న సెట్టయితే ఔట్‌పుట్ వాల్వు ఊడదీసి, సెట్టు ఆన్‌ చేసి, ఆ గ్రిడ్డు కాలు దగ్గర డీసీ వోల్టేజి చూడాలి. సున్నా ఉండాలి. పావు వోల్టు కనిపించినా ఆ కండెన్సరుకు ఉద్వాసన. అన్ని వాల్వుల ఫిలమెంట్లూ వరుసగా ఒకే తీగలో ఉండే ఏసీ–డీసీ సెట్లలో ఇది కుదరదు, ఒక వాల్వు తీస్తే అన్నీ ఆరిపోతాయి. అక్కడ కండెన్సరు గ్రిడ్డు కాలును విడదీసి, విడిగా ఉన్న ఆ చివర వోల్టేజి చూడాలి. అన్నట్టు ఈ ఏసీ–డీసీ సెట్ల చాసిస్ నేరుగా మెయిన్సుకు తగిలి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ ఇనుపపెట్టె మొత్తం 230 వోల్టులు. ఏరియలుకూ చాసిస్‌కూ నడుమ ఉండే చిన్న కండెన్సరు కారిందంటే దాబామీద ఏరియలు తీగ పట్టుకున్నవాడి గతి ఏమిటో ఆలోచించండి. ఆ స్థానంలో మెయిన్సు భద్రత కోసం తయారైన వై తరగతి కండెన్సరు తప్ప మరొకటి వేయకూడదు. ఈ విషయంలో పొదుపు చేసేవారితో నాకు సంభాషణ లేదు.

ఎలక్ట్రోలిటిక్‌లు కూడా చచ్చేవే, కానీ అన్నీ ఒకేసారి కాదు. వేడి తగిలినవి ముందు, నీడలో ఉన్నవి వెనుక.

ఇక బతికేవి. అభ్రకం పొరలకు వెండి పూసిన సిల్వర్ మైకా. పారదర్శకంగా గాజుగొట్టంలా కనిపించే పాలీస్టైరీను. ఆవపిండి రంగులో ఉండే పాలియెస్టరు. ఒంటినిండా రంగు పట్టీలతో అక్వేరియం చేపల్లా ఉండే పాలియెస్టరు. ఇవి సాధారణంగా చెడవు. అరవై ఏళ్ళవాటిని కొలిచినా రాసిన విలువే చూపుతాయి. నా పొట్లంలోని ఇరవై మూడింటిని సాయిబుగారి ముంగిట్లో కూర్చుని ఒక్కొక్కటే కొలిచాను. నిజంగా చెడినవి ఆరు, అన్నీ ఎలక్ట్రోలిటిక్‌లే. పదిహేడు నిక్షేపంలా ఉన్నాయి. అంటే మా యంత్రంలోంచి ఆరుగురు రోగులతోపాటు పదిహేడుమంది ఆరోగ్యవంతులను బయటికి గెంటి, వారి స్థానంలో ఊరూ పేరూ తెలియనివాటిని కూర్చోబెట్టాము.

ఆ కొత్తవైనా సరైనవా? పాలీస్టైరీను ఉండవలసిన చోట సిరామిక్ బిళ్ళ వేశాడు. విలువ ఒకటే కదా అంటారు. చౌకరకం సిరామిక్ బిళ్ళ విలువ వేడితో మారుతుంది, తనమీద పడే వోల్టేజితో మారుతుంది, పైగా తట్టితే మైకులా పలుకుతుంది. టేపు యంత్రంలో మందరస్వరమూ తారస్వరమూ ఏ పాళ్ళలో రావాలో తూచేది ఆ కండెన్సరూ దాని పక్కనున్న రెసిస్టరూ. తక్కెడలో రాయి మార్చి తూకం సరిగా రావాలంటే ఎలా?

ఒకచోట విలువ కూడా తప్పింది. ఇందులో కుర్రవాడి తప్పు తక్కువ, అక్షరాల తప్పు ఎక్కువ. పాత ఐరోపా కండెన్సరు మీద "10కే" అని ఉంటే పదివేల పికోఫారడులు, అంటే 0.01 మైక్రోఫారడు. కొత్త సిరామిక్ బిళ్ళమీద అంకెల చివర "కే" ఉంటే అది పది శాతం అటూ ఇటూ అనే సూచన. అదే "కే", రెండు అర్థాలు. పాతవాటిమీద "ఎమ్" అంటే మైక్రో, కొత్తవాటిమీద అంకెల చివర "ఎమ్" అంటే ఇరవై శాతం. కొత్త మూడంకెల పద్ధతిలో చివరి అంకె సున్నాల లెక్క: 103 అంటే పది పక్కన మూడు సున్నాలు, పదివేల పికోఫారడులు, 104 అంటే లక్ష, అంటే 0.1 మైక్రోఫారడు, 473 అంటే నలభై ఏడువేలు. ఇది తెలిసినవాడు పాత బిళ్ళమీద "100" చూసి పది పికోఫారడులనుకుంటాడు. అది నూరే కావచ్చు. నడుమ "ఎన్" ఉంటే అది నానోఫారడు, దశాంశ బిందువు కూర్చోవలసిన చోట ఆ అక్షరం కూర్చుంటుంది: 4ఎన్7 అంటే 4.7 నానోఫారడులు. రంగు పట్టీలవి పైనుంచి కిందికి చదవాలి: పసుపు, ఊదా, పసుపు అంటే నాలుగు, ఏడు, నాలుగు సున్నాలు, అంటే 0.47 మైక్రోఫారడు. నాలుగో పట్టీ తెలుపైతే పది శాతం, నలుపైతే ఇరవై. అయిదోది ఎరుపైతే 250 వోల్టులు, పసుపైతే 400. పక్కపక్కన రెండు పట్టీలు ఒకే రంగువైతే నడుమ గీత కనిపించదు, ఒకే వెడల్పాటి పట్టీలా ఉంటుంది. అక్కడ నేనే రెండుసార్లు బోల్తా పడ్డాను.

మన పూర్వులు శాసనాలు చదవడానికి లిపి నేర్చుకున్నట్టే ఇది నేర్చుకోవలసిన లిపి. ఇరవై నాలుగు గంటలు చాలు. నేర్చుకోకుండా అన్నీ మార్చేయడం, చదవడం రాదని తాళపత్రాన్ని కాల్చి కొత్త కాగితం పెట్టుకోవడం.

శాసనమంటే గుర్తొచ్చింది, మా ఊరికి అరవై మైళ్ళ లోపున తిరుమల కొండమీద జరిగిన కథే. అన్నమాచార్యుల కీర్తనలను రాగిరేకులమీద చెక్కించి గుడిలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. 1922 ప్రాంతంలో ఆ రేకులు వెలుగులోకి వచ్చినప్పుడు, నాలుగు శతాబ్దాల తరువాత కూడా, తుడిచి చదవడానికి మనిషికి కన్ను తప్ప మరో యంత్రం అక్కరలేకపోయింది. అందుకే సాహిత్యం దక్కింది. కానీ రేకుమీద రాగం పేరే ఉంది, పాడిన తీరు లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి మహానుభావులు కూర్చుని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. ఆయన రుణం తీరేది కాదు. అయినా తాళ్ళపాక అన్నమయ్య ఎలా పాడాడో మనకు ఎప్పటికీ తెలియదు. ఇరవయ్యో శతాబ్దంలో మొదటిసారి మన పల్లెలకు ఆ పాడిన తీరును పట్టి ఉంచే అవకాశం వచ్చింది. ఒక బడిపంతులు అప్పు చేసి పట్టాడు. రాగిరేకులా దాన్ని కంటితో చదవలేము. దాన్ని చదివే కన్ను ఆ యంత్రమే, ఆ కంటిలోని నరం ఆ గోరంత కండెన్సరు. అందుకే దీన్ని కాలక్షేపం అనేవారితో నేను ఏకీభవించలేను.

"ఇవన్నీ ఎందుకండీ, ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా" అనే మిత్రులున్నారు. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం దొరుకుతుంది, నిజమే. 1963 నాటి ఆ రికార్డు వేలకొద్దీ ముద్రలు పడింది, నా దగ్గరది అరిగిపోతే లోకానికి నష్టం లేదు. మా దాసుగారిది ఎక్కడ దొరుకుతుంది? ఒకే ఒక ప్రతి ఉన్నదాని విషయంలో, ప్రతులు లక్షలున్నదాని తర్కం పనికిరాదు.

ఇక మరో జాతివారు. వాల్వు రేడియో కొని, లోపలిదంతా పీకి పాత ఇనపసామాన్లకు వేసి, ఖాళీ టేకుపెట్టెలో బ్లూటూత్ పలక పెట్టి, "వింటేజి" అని హోటలు వరండాల్లో అలంకరిస్తారు. వీరి గురించి ఎక్కువ వ్రాయను. గుడిలోంచి మూలవిరాట్టును తీసి, గోపురం బాగుందని లోపల టీకొట్టు పెట్టుకోవడానికీ దీనికీ పోలిక మీకే తడుతుంది.

వీరికి పూర్తి వ్యతిరేకులు కూడా నా శత్రువులే. కంపెనీ వేసిన ప్రతి ముక్కా పవిత్రం, దేన్నీ తాకకూడదు అనేవారు. కారుతున్న కాగితపు కండెన్సరును అలాగే ఉంచి, ప్రదర్శన కోసం సెట్టును వెలిగిస్తారు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, వాడని పాత కాగితపు కండెన్సర్లను "అసలు సరుకు" అని వెతికి, ఎక్కువ ధర పెట్టి తెచ్చి వేస్తారు. కాగితం చెడేది వాడకంతో కాదు, కాలంతో. డబ్బాలో పడుకుని ఉన్నా దానికి అరవై ఏళ్ళే. మరి కొందరున్నారు, ఒక్క కండెన్సరు వేల రూపాయలు పెట్టి విదేశాలనుంచి తెప్పించి, ఎస్.ఎం.కృష్ణుడి వేణువు వినిపించిందని చెబుతారు. (ఎస్.ఎం. అంటే సాక్షాత్తు మురళీధరుడని నా భాష్యం, వెతక్కండి.) చెన్నై రిచీ స్ట్రీటులో అయిదు పది రూపాయలకు దొరికే 630 వోల్టుల పాలియెస్టరు కండెన్సరు ఆ రేడియో పుట్టిననాడు వేసినదానికంటే అన్ని విధాలా మెరుగైనది. భక్తి ఉండవచ్చు, లెక్క తప్పకూడదు.

మరైతే ఏం చేయాలి అని అడిగినవారికి సాయిబుగారి పద్ధతి చెబుతాను. ఆయన దగ్గర వారానికొకసారి చొప్పున తొమ్మిది నెలలు కూర్చున్నాను. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోయిరావడం, మధ్యలో ఆయన ఇంట్లో టీ. ముందు ఫోటోలు. తరువాత కాగితంమీద ప్రతి కండెన్సరు బొమ్మ, విలువ, వోల్టేజి, ఏ వైపు ప్లస్సు. చాసిస్‌కు ఏది కలిపారో చూడటం: బ్యాటరీ తీగ వెంట పోతే తెలిసిపోతుంది, లేదా మొదటి పెద్ద ఫిల్టరు కండెన్సరు మీది గుర్తు చూడాలి. సెట్టు ఆపినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, రెసిస్టరుతో దించకుండా చెయ్యి పెట్టకూడదు. ఆ పైన ఒక్కటి తీయాలి, కొలవాలి, చెడితే మార్చాలి, సెట్టు పెట్టి వినాలి. అప్పుడు రెండోది. రోజుకు రెండుకు మించి ఆయన నన్ను చేయనివ్వలేదు. "తొందర్లేదు సార్, ఇది ఏడికీ పోదు" అనేవారు. హెడ్డు బాగుందో లేదో చూడబోయి ఓము మీటరు ఆనించబోతే నా చెయ్యి మీద ఒక్కటి వేశారు. మీటరులోని ఆ కాస్త కరెంటే హెడ్డును అయస్కాంతం చేస్తుందట. డీసీ వోల్టేజి మాత్రం చూడవచ్చు, రావలసినది సున్నా. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఆఖరున చెబుతున్నాను: మరమ్మతు అయిన యంత్రంలో మొదట పెట్టవలసింది పనికిరాని టేపు. అసలుది కాదు. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఇంత వ్రాసే అవసరం ఉండేది కాదు.

పొట్లంలోని పదిహేడూ మళ్ళీ తమ తమ స్థానాలకు చేరాయి. కొన్నింటి కాళ్ళు పొట్టిగా కత్తిరించి ఉండటంతో రాగితీగ అతికించవలసి వచ్చింది. పాలీస్టైరీనుకు సోల్డరింగు వేడి తగిలితే కరిగిపోతుందని కాలును పటకారుతో పట్టుకుని అతికాము. ఆరు ఎలక్ట్రోలిటిక్‌లు కొత్తవి, ప్లస్సు ప్లస్సుకే. హెడ్డుకు అయస్కాంతం విడిపించాము. నాన్నగారి మరో టేపు, ఏవో సినిమా పాటలు పట్టింది, దాన్ని వారం రోజులపాటు మార్చి మార్చి నడిపి, మొదటిరోజు విన్నదీ ఏడోరోజు విన్నదీ ఒకటేనని రూఢి చేసుకున్నాము.

ఆ తరువాత మొదటి స్పూలును ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కంప్యూటరుకు తగిలించి నడిపాను. మొదటి పదకొండు నిమిషాలు గోడ అవతలనుంచి వింటున్నట్టే ఉంది. దాన్ని ఏ మందూ బాగుచేయదు. పన్నెండో నిమిషంలో దుప్పటి తొలగినట్టు చిడతలు గల్లుమన్నాయి. ద్రౌపది సభకు వచ్చే ఘట్టం. నడుమ ఎవరో పసివాడు ఏడ్చాడు, దాసుగారు కథ ఆపి, "తల్లీ, వాణ్ణి ఎత్తుకో, ఇంగా సానా ఏడ్చే కత ముందుండాది" అన్నారు. జనం నవ్వారు. ఆ నవ్వుల్లో మైకుకు దగ్గరగా వినిపించినది మా నాన్నగారిది.

రెండో స్పూలు ఇంకా పెట్టలేదు. ఎడమవైపు బెల్టు కాస్త జారుతోంది, సాయిబుగారు వచ్చే ఆదివారం రమ్మన్నారు.